బిస్కెట్ల డబ్బాలో పిడికెడు బియ్యం

సిక్కిం కొండల మీది మా సైనిక పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. అప్పటికే ఎండ పోయింది. అరవైల చివర, మంచు మొదలయ్యే రోజులు. రాతిగోడలు, రేకు కప్పు, ఇసుక బస్తాలు, ఒక కిరోసిన్ స్టవ్. మొత్తం ఆరుగురం. బోధన్ చెరుకు చేలల్లో పెరిగినవాణ్ని, అన్నం వండడం వచ్చునని నోరు జారాను. హవల్దార్ సాబ్ వంట నాకే అప్పగించారు.

మా అమ్మను అవ్వ అంటాం. ఎసట్లో బియ్యం పోసే ముందు అవ్వ పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. ఆదివారం అది చర్చికి, మా మాటలో గుడికి, పోయేది, అక్కణ్నుంచి లేనివాళ్ల ఇళ్లకు. తీసేటప్పుడు ఆమె ప్రార్థన ఒక్కటే: ఈ పూటకు చాలినంత ఇయ్యి తండ్రీ. పోస్టులో నేనూ అలాగే నా వాటాలోంచి తీసి, ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసేవాణ్ని.

వైర్‌లెస్ ఆపరేటర్‌దీ మా జిల్లానే, మోర్తాడ్. పసుపు పండించే ఇల్లు. నన్ను ఊరుకోనిచ్చేవాడు కాదు.

"ఏంరా తమ్మీ, డబ్బ నింపుతున్నవ్, పెండ్లి పెట్టుకున్నవా?"

"మా అవ్వ గిట్లనే తీస్తది అన్నా. గుడికి."

"గీ మంచుల గుడి ఏడున్నది?"

"ఎవలికన్న అక్కరకస్తది."

ఒక వారం ఆగకుండా మంచు కురిసింది. కంచరగాడిదలు సామాను తెచ్చే దారి మూసుకుపోయింది. రేడియోలో కింది నుంచి ఒకటే మాట: "రేషన్ రాదు. ఉన్నదాంతో నడపండి. ఓవర్." హవల్దార్ సాబ్ బస్తా చూసి అందరి అన్నం సగం చేశారు.

ఆపరేటర్ తమ ఊరివైపు లింబాద్రి గుట్ట మీది నర్సింహస్వామికి మొక్కాడు. హెలికాప్టర్ రావాలి, మటన్ రావాలి, తనకు లీవు రావాలి.

"నువ్వేం అడిగినవ్‌ర?"

"ఈ పూటకు."

"గంతేనా? పెద్దగ అడుగరాదు?"

"రేపటిది రేపడుగుత."

"రోజు తలుపు కొడితె మీ దేవునికి యాష్టకు రాదా?"

"రోజు పోతెనే గదన్నా గుర్తుపడ్తడు."

ఒక సాయంత్రం కింది పోస్టు లైన్‌మెన్ ఇద్దరు, తెగిన టెలిఫోన్ తీగ వెతుకుతూ దారి తప్పి మా బంకర్లోకి వచ్చి పడ్డారు. వేళ్లు కట్టెల్లా బిగుసుకున్నాయి. ముందు రోజు నుంచి తిండి లేదు. హవల్దార్ సాబ్ బస్తా మూతి పట్టుకుని నిలబడిపోయారు. అందులోంచి పెడితే తెల్లారి మావాళ్లు ఖాళీ కడుపుతో కాపలాకు ఎక్కాలి. పెట్టకపోతే వీళ్లు తెల్లారేదాకా ఉండరు.

నేను డబ్బా తెచ్చి గిన్నెలో బోర్లించాను. ఆపరేటర్ కిట్‌బ్యాగు అడుగునుంచి ఇంటి పసుపు పొట్లం తీసి ఇచ్చాడు. ఉప్పూ పసుపూ వేసి గంజి కాచాను. కొంచెం కొంచెంగా తాగించాం. పొద్దున ఇద్దరూ లేచి కూర్చుని టీ అడిగారు.

ఆ పూట బియ్యం వాటాలు వేశాక, స్టవ్ ముట్టించేలోపు హవల్దార్ సాబ్ వచ్చారు. చిరిగిన చేతితొడుగు తీసి, తన వాటాలోంచి పిడికెడు ఆ ఖాళీ డబ్బాలో వేసి వెళ్లారు. వెనకే ఆపరేటర్.

"నాది చిన్న పిడికిలి, ఏమనుకోకు" అంటూ వేశాడు.

తర్వాత దారి తెరుచుకుంది, కంచరగాడిదలు వచ్చాయి. పోస్టింగ్ అయిపోయి నిజామాబాద్‌లో రైలు దిగి బోధన్ బస్సెక్కాను. చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు చెరుకు బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఇంట్లో అవ్వ పొయ్యి ముందు కూర్చుని, పిడికెడు తీసి కుండలో వేస్తోంది.

అవ్వ ఇప్పుడు లేదు. ఆ కుండ నా భార్య చేతికి వచ్చింది. ఆమె బియ్యం తీసినప్పుడల్లా నాకు కనబడేది మాత్రం హవల్దార్ సాబ్ చెయ్యి. చలికి పగిలిన వేళ్లు మెల్లగా విచ్చుకోవడం, ఖాళీ డబ్బా రేకు మీద గింజలు రాలడం.