పక్కవాళ్ళ పని

అమలాపురంలో కూర్చుని ఇంటర్నెట్‌లో పూతరేకులు అమ్మాలని బంగారయ్యగారు సంకల్పించిన 2009లో, ఆ మహాకార్యానికి సత్యవేణి ప్రాజెక్ట్ మేనేజరుగా నియమితురాలైంది. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ పనులు నడిపించే ఎజైల్ పద్ధతి నేర్చుకొచ్చిన ఆమెకిది మొదటి ఉద్యోగం. శుక్రవారానికి వెబ్‌సైటు తెరుచుకోకపోతే అదీ ఉండదని బంగారయ్యగారు ఎంతో మర్యాదగా సెలవిచ్చారు. రోజూ తొమ్మిదింటికి చున్నీ నడుముకు బిగించి, స్కెచ్ పెన్ను చెవి వెనక దోపుకుని, ఆమె గోడ ముందు నిలబడుతుంది. గోడకి ఎడమపక్క చెయ్యాల్సిన పనుల చీటీలు, కుడిపక్క అయిపోయినవి. అందరూ నిలబడే మాట్లాడాలన్నది శాస్త్రం. బుధవారానికి చీటీలన్నీ కుడిపక్కకు చేరాయి. సంబరపడి, పూతరేకులు సర్దే అట్టపెట్టె ఒకటి చూపించమందామె. పెట్టెలింకా రాజమండ్రిలోనే ఉన్నాయి.

"మరి చీటీ ఎందుకు జరిపేరు మరిడమ్మగారూ?"

"పొద్దున్నే అవలేదంటే మీరు బాధపడతారనండి," అంది ప్యాకింగ్ చూసే మరిడమ్మ. వెబ్‌సైటు కట్టే భాస్కర్‌దీ అదే మర్యాద.

ఈ జబ్బుకి ఎజైల్‌లో మందు లేదు. గురువారం సత్యవేణి కొత్త నియమం పెట్టింది: ఎవరి పని సంగతి వాళ్ళు చెప్పకూడదు, పక్కవాళ్ళది చెప్పాలి.

"భాస్కర్‌బాబు డబ్బులు కట్టే పేజీ రెండ్రోజుల్నించి తెరుచుకోట్లేదండి," అంది మరిడమ్మ తక్షణమే.

"ఆవిడ పెట్టెలవాళ్ళకి ఫోనే చెయ్యలేదండి," అన్నాడు భాస్కర్.

పావుగంట సమావేశం గంటన్నర నడిచింది. శుక్రవారం మధ్యాహ్నానికి వెబ్‌సైటు తెరుచుకుంది. తొలి ఆర్డరు రామచంద్రపురం నుంచి వచ్చింది.

"నీ పనెలా ఉందమ్మా?" అని అడిగారు బంగారయ్యగారు.

సత్యవేణి నోరు తెరిచేలోపే మరిడమ్మ అందుకుంది. "ఆవిడది ఆవిడ చెప్పకూడదండి, మేం చెప్పాలి. కోపం ఎక్కువండి, భోజనానిక్కూడా వదలరు. అయినా ఉంచేసుకోండి."