గోళ్ల తేడా

నా చిన్నప్పుడు మా ఇంట్లో ‘గోళ్లు’ అనే మాటకు రెండు అర్థాలుండేవి. మొదటిది అందరికీ తెలిసిందే. రెండోది నా తప్పు వల్ల పుట్టింది. కాలు కాళ్లయి, వేలు వేళ్లయినప్పుడు గోల్ కూడా గోళ్లే అవుతుందని నేనే లెక్క తేల్చుకుని, ఒక సాయంత్రం పరుగున ఇంట్లోకి వచ్చి, “అమ్మా, మావాళ్లు ఇవాళ నాలుగు గోళ్లు కొట్టారు!” అని చెప్పాను.

అమ్మ అప్పడాల కర్ర పక్కన పెట్టింది. “గోళ్లు కత్తిరిస్తారు గానీ, కొడతారట్రా?” అని నవ్వడం మొదలుపెట్టి, నవ్వీ నవ్వీ ఆయాసం వచ్చి గోడకు ఆనుకుంది. ఆ రోజు నుంచి ఫుట్‌బాల్ గోల్స్ మా ఇంట్లో గోళ్లయిపోయాయి.

అప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఎనభైల మొదట్లో, శాంటా క్లారాలో, రెండంతస్తుల అపార్ట్‌మెంట్ల వరుసలో పై అంతస్తు మాది. నాన్న చిప్‌లు తయారుచేసే కంపెనీలో ఇంజినీరు. ఆఫీసు నుంచి ఆయన తెచ్చిన గళ్ల కాగితాల పుస్తకం నాకు దొరికింది. ప్రతిదాన్నీ వరుసలుగా రాసుకునే అలవాటు నాకప్పటికే ఉంది. మా మెట్లు పదిహేడు. కార్లు నిలిపే కార్‌పోర్టులో ఏ గడిలో ఏ రంగు కారు ఉంటుందో నా దగ్గర పట్టీ ఉండేది. పైకెక్కుతూ అమ్మ ఎన్నో మెట్టు దగ్గర ఆగి ఊపిరి తీసుకుంటుందో కూడా రాసేవాణ్ణి. బడి తెరిచినప్పుడు పన్నెండో మెట్టు. క్రిస్మస్‌కు తొమ్మిది. ఈస్టర్‌కు ఆరు. ఆ అంకెలకు అర్థమేమిటో నాకు తెలియదు. దిగుతున్నాయని మాత్రం తెలుసు.

ఫుట్‌బాల్ నాకు పక్కింటి ఆంటీ వల్ల అంటుకుంది. ఆవిడది గుంటూరు వైపు. మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివి, అమెరికా రాకముందు ఉత్తర జర్మనీలోని ఒక ఓడరేవు పట్నంలో ఆరేళ్లు పనిచేసింది. ఆ పట్నపు ఫుట్‌బాల్ క్లబ్ ఆవిడ అభిమాన జట్టు. కాబట్టి నాది కూడా. బడిలో ఒక్కడికీ ఆ క్లబ్ పేరు తెలియదు. వాళ్ల ఫుట్‌బాల్ వేరు, బంతి చేత్తో పట్టుకుని పరిగెత్తేది. కానీ ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదింటికి మా ఊరి పబ్లిక్ టీవీలో జర్మనీ లీగ్ ఆట ఒకటి గంటకు కుదించి వేసేవారు. ఆంటీ సోఫాలో, జంతికల గిన్నె ఒళ్లో పెట్టుకుని ఆ గంట గడిపేవాణ్ణి.

గడిపేవాణ్ణి అన్నానే గానీ, కూర్చునేవాణ్ణి కాదు. లేచేవాణ్ణి, కిటికీ దాకా వెళ్లేవాణ్ణి, వచ్చి సోఫా చేతి మీద ఎక్కేవాణ్ణి, జంతిక అయిపోగానే వేలి గోరు కొరికేవాణ్ణి. ఇంటికి రాగానే అమ్మ నా రెండు చేతులూ పట్టుకుని తిప్పి చూసి, “ఇవాళ వాళ్లవి ఎన్ని గోళ్లు, నీవి ఎన్ని గోళ్లు?” అని అడిగేది. ఆ పుస్తకంలో రెండు వరుసలు పెట్టాను. వాళ్లు కొట్టినవి, నేను కొరికినవి. వాళ్లు సునాయాసంగా గెలిచిన వారం నావి రెండో మూడో. ఒక్క గోల్ తేడాలో ఆట ఊగిసలాడిన వారం ఎనిమిది దాటేవి.

ఆంటీ మాత్రం కదిలేది కాదు. నర్సు చేతులు. గోళ్లు ఎప్పుడూ ఒకే కొలతకు కత్తిరించి, శుభ్రంగా ఉండేవి. అవతలి జట్టు పెనాల్టీ కొట్టబోతున్నా ఆవిడ ఒళ్లో బట్టలు మడతపెట్టుకుంటూ, “కూర్చో నాన్నా, బంతి నువ్వు నుంచుంటే ఆగదు” అనేది. అంత నిబ్బరం నాకెప్పుడు వస్తుందా అనుకునేవాణ్ణి.

ఆ ఏడాది ఆ క్లబ్‌కు మామూలు ఏడాది కాదు. లీగ్‌లో పక్క ఊరి జట్టుతో చివరిదాకా సమానంగా పరుగు. అది చాలదన్నట్టు, ఐరోపా ఖండంలోని క్లబ్బులన్నిటికీ పెద్దదైన కప్పు కోసం ఆఖరి ఆట. ఆ ఆట కూడా టీవీలో వేశారు. మొదలైన కాసేపటికే దూరం నుంచి కొట్టిన ఒక్క గోల్. మిగిలిన ఆటంతా, అవతలివాళ్లు ఎక్కడ సమం చేస్తారోనని చచ్చేంత భయం. కప్పు మావాళ్లదే. నావి పదికి పది.

అమ్మ ఆ రోజు చేతులు చూసి నవ్వలేదు. పడుకునే అడిగింది. అప్పటికి మెట్లు దిగడం మానేసింది. గుండెలో ఒక కవాటం సరిగా మూసుకోవడం లేదని, చిన్నప్పటి జ్వరం వల్ల అలా అయిందని, ఛాతీ తెరిచి బాగుచేస్తారని నాన్న నాకు బొమ్మ గీసి చూపించారు. బొమ్మ చక్కగా అర్థమైంది. “తర్వాత అమ్మ బాగుంటుందా?” అని అడిగితే మాత్రం ఆయన పెన్నుకు మూత పెట్టి, “డాక్టర్ చాలా మంచివాడు” అన్నారు. అది నేనడిగిన ప్రశ్నకు జవాబు కాదు.

ఆ వారంలోనే ఆంటీ ఇంట్లో నీలంరంగు ఎయిర్‌మెయిల్ కవరు కంటపడింది. ఆవిడ వంటింట్లో ఉంది. కవరులోంచి పత్రిక ముక్క కింది సగం బయటికి వచ్చి ఉంది. భాష రాకపోయినా అంకెలు అంకెలే. లీగ్ పట్టిక అది. అందులో, టీవీలో నేనింకా చూడని ఆటలు ఉన్నాయి. ముందు అచ్చు తప్పనుకున్నాను. తర్వాత తేదీలు చూశాను. అప్పుడు తట్టింది. నేను గోళ్లు కొరుక్కుంటూ చూసిన ప్రతి ఆటా వారాల కిందటే అయిపోయింది. జర్మనీలో అందరికీ తెలుసు. ఈవిడకూ తెలుసు.

ఎవరు గెలిచారో చెప్పే పై వరుస చూడకుండా కవరు బోర్లా పెట్టేసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. “ఆంటీ, మీకు ముందే తెలుసా?”

ఆవిడ నా ముఖం చూసింది, బల్ల వైపు చూసింది. “తెలుసు.”

“ఫైనల్ కూడా?”

“అది కూడా. జర్మనీలో నా ఫ్రెండ్ ఉత్తరాల్లో పెట్టి పంపిస్తుంది.”

“అది చీటింగ్! నేను చచ్చిపోయాను ఇక్కడ, మీరు బట్టలు ఫోల్డ్ చేస్తున్నారు!”

“బట్టలు మడతపెడితే చీటింగేంట్రా?” అంది. నేను నవ్వకపోయేసరికి పోపు దించి వచ్చింది. “సరే. లీగ్ ఎవరిదో కూడా తెలుసు. కావాలంటే ఇప్పుడే చెప్పేస్తా. చెప్పనా?”

నోరు తెరిచాను. చెప్పమనలేకపోయాను. ఇంకా రెండు శుక్రవారాలున్నాయి. తల అడ్డంగా ఊపి, చెప్పులేసుకుని వచ్చేశాను.

కానీ ఆ రోజు నాకొక సూత్రం దొరికింది. ఏ ఆటైనా ఎక్కడో ముందే అయిపోయి ఉంటుంది. ఫలితం ఒక కవరులో ఉంటుంది. కవరు పెద్దవాళ్ల దగ్గర ఉంటుంది. పిల్లలకు చెప్పరు.

ఇక ఆ సూత్రం పట్టుకుని అమ్మ విషయం చూస్తే అన్నీ సరిపోయాయి. నాన్న ఫోన్ తీగ లాక్కుని బాత్‌రూమ్‌లో నిలబడి మాట్లాడటం. ఆదివారం మధ్యాహ్నం, అమెరికన్ల చర్చి హాలు అడిగి తీసుకుని జరుపుకునే మా తెలుగు ఆరాధనలో, నేను రాగానే ఆంటీలందరూ మాట మార్చేయడం. ఒక అంకుల్ నా తల నిమిరి, “దేవుడికి అన్నీ ముందే తెలుసు బాబూ, నువ్వేం వర్రీ అవకు” అనడం. ఆయన ధైర్యం చెప్పాననుకున్నాడు. నాకు మాత్రం అది సాక్ష్యంలా వినిపించింది. ముందే తెలుసట. అంటే అయిపోయింది. మంచిదైతే దాచడం ఎందుకు?

పుస్తకంలో ‘అమ్మ’ అని ఒక వరుస గీసి, ఫలితం గడిలో ‘దాచారు’ అని రాశాను. తర్వాత వెతకడం మొదలుపెట్టాను. నాన్న బ్రీఫ్‌కేసు, వంటింటి సొరుగులు, అమ్మ బైబిల్లో పేజీల మధ్య. ఒక చోట ఆసుపత్రి వాళ్ల అపాయింట్‌మెంట్ కార్డు దొరికింది. అందులో తేదీ, గంట, ఏమీ తినకుండా రావాలన్న మాట తప్ప ఇంకేం లేదు. రాత్రుళ్లు నిద్ర పట్టేది కాదు. పగలు ఒకచోట నిలిచేవాణ్ణి కాదు. ఆ పదిరోజుల్లో ఆటతో పని లేకుండానే గోళ్ల వరుస నిండిపోయింది.

ఆపరేషన్ శుక్రవారం. పొద్దున్న అమ్మ నా చేతులు పట్టుకుని, “కాస్త మిగుల్చుకోరా” అని మాత్రం అంది. నాన్న కారు వెళ్లిపోయింది. ఆంటీ తన డ్యూటీ ఇంకొకరితో మార్చుకుని నాకు కాపలా ఉంది. అన్నం పెట్టింది. పేకలు పంచింది. పదకొండింటికి మొదలవ్వాల్సింది రెండింటిదాకా మొదలవ్వలేదని నాన్న ఒకసారి ఫోన్ చేశారు. మూడు అయింది. నాలుగు అయింది. నేను ఆవిడ గది నుంచి వంటింటికి, వంటింటి నుంచి గదికి తిరుగుతున్నాను. అడుగులు లెక్కపెడితే ఒక వైపు పదమూడు.

ఐదింటికి ఆవిడే టీవీ పెట్టింది. లీగ్‌లో చివరి ఆట. రెండు జట్లకూ పాయింట్లు సమానమైతే ఏడాదంతా కొట్టిన గోల్స్‌కూ ఇచ్చిన గోల్స్‌కూ ఉన్న తేడా చూస్తారని టీవీ ఆయన చెబుతున్నాడు. నేను తెరకు వీపు పెట్టి ఆవిడ ముందు నిలబడ్డాను.

“ఆంటీ, రిజల్ట్ మీకు తెలుసు కదా.”

“దేనిది?”

“రెండూ. ప్లీజ్, దాచకండి. నేను ఏడవను. మీరు నర్సు, మీకు చెప్పి ఉంటారు. కవరు ఎక్కడ పెట్టారు?”

‘కవరు’ అన్న మాటకు ఆవిడ ముఖం మారిపోయింది. నేను పది రోజులుగా ఏం వెతుకుతున్నానో అప్పుడు అర్థమైందనుకుంటాను. కొంగు కింది నుంచి రెండు చేతులూ తీసి, వేళ్లు చాపి, నా ముందు పెట్టింది.

పది గోళ్లూ లేవు. కండ దాకా కొరికేసి ఉన్నాయి. ఒక వేలికి రక్తపు చార ఎండిపోయి ఉంది. పొద్దున్న నుంచి ఆ చేతులే నాకు అన్నం పెట్టాయి, పేకలు పంచాయి. అన్నీ లెక్కపెట్టుకునే నేను ఆ రోజు వాటిని చూడనే లేదు.

“మ్యాచ్‌ది తెలుసు” అంది. “అది అయిపోయింది కాబట్టి తెలుసు. అందుకే బట్టలు మడతపెట్టుకున్నా. మీ అమ్మది నాకు తెలియదు నాన్నా. మీ నాన్నకీ తెలియదు, డాక్టర్‌కీ తెలియదు. ఎవరూ దాచలేదు. అది ఇప్పుడు జరుగుతోంది.”

ఇది వింటే భయం పెరగాలి. విచిత్రంగా తగ్గింది. పది రోజుల తర్వాత మొదటిసారి నా కాళ్లు నిలబడ్డాయి. కవరు లేదు. అంటే చెడ్డ ఫలితం కూడా ఎక్కడా రాసిపెట్టి లేదు. ఆవిడ పక్కన కూర్చున్నాను. ఆవిడ తన చెయ్యి నా చేతి మీద వేసింది, కొరకకుండా నన్నాపడానికో, తనను తానే ఆపుకోవడానికో. ఆ కాసేపూ అమ్మ సంగతి ఇద్దరికీ తెలియదు.

ఆట ఇంకా అవ్వకముందే ఫోన్ మోగింది. ఆంటీ తీసి, విని, నాకిచ్చింది. నాన్న గొంతు ఎవరిదో గొంతులా ఉంది. “అయిపోయింది అబ్బాయ్. బాగానే జరిగిందట. అమ్మ నిద్రలో ఉంది. ఇవాళ రేపు ఇంకా చూడాలట. అంతవరకే తెలుసు.” అంతవరకే తెలుసని ఆయన నాతో అనడం అదే మొదలు. ఫోన్ పెట్టి వచ్చేసరికి టీవీలో ఇంకేదో కార్యక్రమం నడుస్తోంది. “ఇప్పుడు చెప్పండి” అన్నాను. ఆంటీ కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. పాయింట్లు సమానం. లీగ్ మావాళ్లదే. గోళ్ల తేడా.

అంత గొప్ప ఏడాది ఆ క్లబ్‌కు మళ్లీ రాలేదు. ఆ చివరి ఆట చివరి నిమిషాలు నేను ఇప్పటికీ చూడలేదు.

ఐదో రోజు నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లారు. అమ్మ గొంతు బొంగురు పోయి ఉంది. నా చెయ్యి తీసుకుని ఒక్కొక్క వేలూ తడిమి, పెదవులతోనే “ఎన్ని గోళ్లు?” అంది. “నావి ఏడు. ఆంటీవి పది” అన్నాను. అమ్మ తల తిప్పి ఆంటీ వైపు చూసింది. ఆవిడ చేతులు వెనక్కి పెట్టేసుకుంది. ఆగస్టులో అమ్మ పదిహేడు మెట్లూ ఆగకుండా ఎక్కిన రోజు, ఎన్నో మెట్టు దగ్గర ఆగిందన్న గడిలో ఏం రాయాలో తెలియక గీత పెట్టాను. ‘దాచారు’ అన్న మాటను అంతకుముందే కొట్టేశాను.

ఆ పుస్తకం ఇప్పటికీ నా దగ్గర ఉంది. నేను చేసేది పరికరాలను పరీక్షించే పని. నా పట్టికల్లో ఖాళీ గడి అంటూ ఉండదు. ‘నాకు తెలియదు’ అన్నదానికి ఒక గుర్తు, ‘ఇంకా జరగలేదు’ అన్నదానికి ఇంకో గుర్తు. కుర్ర ఇంజినీర్లు రెండూ ఒకటే కదా అంటారు. కాదంటాను, కారణం చెప్పను.

ఇంట్లో మాత్రం, పిల్లలు నన్ను జవాబు లేని ప్రశ్న అడిగినప్పుడు, అంతా మంచే జరుగుతుందన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది. దాన్ని మింగేసి, జేబుల్లోంచి రెండు చేతులూ తీసి, వేళ్లు చాపి, వాళ్లకు కనపడేలా బల్ల మీద పెడతాను.