రేపు తయారయ్యే ఇంజను

మా వ్యానులో వేయించిన మంచం మీద, సముద్రం ఒడ్డున ఒక్క రాత్రి పడుకోవాలి. మా ఆవిడ కోరింది అంతే. కరీంనగర్‌లో పుట్టి రియాద్‌లో కాపురం చేసిన మనిషి. సముద్రాన్ని విమానం కిటికీలోంచి తప్ప చూడలేదు. అమ్మాయిని హైదరాబాద్‌లో ఇంటర్‌లో చేర్చాలి కాబట్టి తల్లీకూతుళ్లిద్దరికీ ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టించి టికెట్లు కొన్నాను. వాళ్లు వెళ్లేలోపు మా వ్యానులో సముద్రం ఒడ్డునున్న ఖఫ్జీ దాకా పోయి రావాలనుకున్నాం.

వ్యాను పాతది. వెనక సీట్లు పీకించి మంచం వేయించాను, గ్యాస్ పొయ్యికి గట్టు కట్టించాను. పూల పరదాలు ఆవిడే కుట్టింది. అన్నీ అమరాక ఇంజను పట్టేసింది.

ఊరి చివర మెకానిక్ షెడ్లన్నీ ఉండే చోటును సనాయా అంటాం. అక్కడి మా మెకానిక్ పాకిస్తానీ, మహా మర్యాదస్తుడు. ఆ మర్యాదే నా కొంప ముంచింది. అలాంటి ఇంజను ఇప్పుడు దొరకదని, వేరే కారుది పడుతుందని చెప్పాడు. “ఇంజన్ లే ఆవో భాయ్, బాకీ ముఝ్ పే ఛోడ్ దో” అన్నాడు. ఇంజను తెచ్చి ఇస్తే చాలు, మిగతాది తనకు వదిలేయాలట. వదిలేశాను.

పాత బండ్లను విప్పి అమ్మే తష్లీహ్‌కు పోయాను. వెనక భాగం నుజ్జయిన కారొకటి చూపించి, ఇంజను స్టార్ట్ చేసి వినిపించారు. మెత్తగా తిరిగింది. బేరం కుదరగానే ఒకడు కట్టర్ తెచ్చి వైర్లన్నీ టపటపా కత్తిరించి, ఇంజనుకు గొలుసు కట్టి పికప్‌లోకి ఎత్తించాడు. అక్కడ ఒక్కొక్కటీ విప్పుతూ కూర్చోరు. పని ఎంత తొందరగా అయిపోయిందోనని నేను పక్కన నిలబడి మురిసిపోయాను కూడా.

దాన్ని చూసి మెకానిక్ తల పట్టుకున్నాడు. ఈ కొత్త ఇంజనును నడిపేది ఒక చిన్న కంప్యూటర్ పెట్టె. ఆ పెట్టె, దాని వైర్లు కారులోనే ఉండిపోయాయి. మళ్లీ పరుగెత్తాను. అప్పటికే ఆ కారును అణగ్గొట్టి రేకుల కుప్పలో పడేశారు. ముందే ఎందుకు చెప్పలేదని మెకానిక్‌ను నిలదీస్తే, “యే తో సబ్ కో పతా హై భాయ్” అన్నాడు. అది అందరికీ తెలిసిందేనట. ఒళ్లు మండిపోయింది.

ఇంకో పెట్టె తెచ్చాను. సరిపోలేదు. మరొకటి తెచ్చాను. దానికి వైర్లు కుదరలేదు. ఆఫీసు నుంచి సనాయాకు, అక్కణ్నుంచి తష్లీహ్‌కు తిరగడమే నా ఉద్యోగమైపోయింది. ఎప్పుడడిగినా మెకానిక్‌ది ఒకటే మాట, “కల్ హో జాయేగా.” రేపు అయిపోతుంది. అద్దె కారు తీసుకుందామని అనుకున్నప్పుడల్లా ఆ రేపు అడ్డం వచ్చేది. నెల పడుతుందని చెప్పి ఉంటే నా దారి నేను చూసుకునేవాణ్ని. రేపంటే ఎవరైనా ఆగుతారు.

“సముద్రం చూపిస్తరా లేదా? ఉన్నమాట చెప్పుండ్రి. నేనేం మనసుల పెట్టుకోను” అంది ఆవిడ, సూట్‌కేసులు సర్దుతూ.

“రేపు అయితదట” అన్నాను. ఆ మాట నా నోటికీ పట్టేసింది.

ఆమె తలూపి ఇంకో సూట్‌కేసు తెరిచింది. తిట్టినా బాగుండేది.

సరిగ్గా ప్రయాణం రోజు పొద్దున ఫోన్ వచ్చింది, బండి తయారట. పగ తీర్చుకుంటున్నట్టు ఆ బండిలోనే వాళ్లను ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్లాను. మంచం మీద సూట్‌కేసులు పడుకున్నాయి. అమ్మాయి వాటి పక్కన కూర్చుంది. దారిలో ఆవిడ ఒక్కటే అంది, “ఇంజను మంచిగనే నడుస్తుంది.”

దిగే ముందు వెనక్కి వెళ్లి పరదాలు మూసింది. “ఎండకు రంగు పోతది, తెరవకుండ్రి” అని చెప్పి లోపలికి నడిచింది.

తిరుగు దారిలో బండి ఒక్కసారి కూడా దగ్గలేదు. ఏసీ వేసి తొక్కినా వేడెక్కలేదు. ఖఫ్జీ దాకా హాయిగా పోయి వచ్చేది. కోపం ఆపుకోలేక స్టీరింగు మీద గుద్దాను. హారన్ మోగింది. ముందున్న కారువాడు నాకేదో తొందర పనుందనుకుని పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.