గోవాలో యాకూబ్ అన్న వారం

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్ద అబద్ధమేం కాదని నాకు నేనే చెప్పుకుంటూ వచ్చాను. పెద్దది కాకపోతే నిద్ర ఎందుకు పట్టదు? మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో జనగామలో నాకొక నెట్ సెంటర్ ఉండేది. పక్క షాపులో యాకూబ్ అన్న బట్టలు కుట్టేవాడు. లక్కీ డ్రాలో మీ పేరొచ్చిందని ఎవరో ఫోన్ చేస్తే, ఆయనా భార్య రహీమక్కా హైదరాబాద్‌లో ఒక హోటల్‌కు వెళ్లి, భోజనం చేసి, సంతకం పెట్టి వచ్చారు. దాంతో గోవాలో సముద్రం పక్కన రిసార్టులో ఏటా ఒక వారం ఒక గది వాళ్లదైంది. నిర్వహణ ఖర్చు మాత్రం ఏటా కట్టాలి. అందుకని ఆ వారాన్ని వెబ్‌సైట్‌లో పెట్టి ఇంకెవరికైనా కిరాయికిచ్చేవాళ్లు. వచ్చే ఏడు మనమే పోదామని ఆయన ప్రతి ఏడూ రహీమక్కకు చెప్పేవాడు. ఆమె సముద్రాన్ని ఎన్నడూ చూడలేదు.

ప్రకటన పెట్టే పని నాది. వెబ్‌సైట్ వాళ్లు మొదట్లో ఊరికే పెట్టనిచ్చారు. తర్వాత రుసుము అన్నారు, ఫొటోలకు వేరే అన్నారు, పైన కనిపించాలంటే ఇంకా కట్టమన్నారు. వచ్చిన కిరాయి ఆ వెబ్‌సైట్‌కూ రిసార్టుకూ సరిపోయేది.

ఆ ఏడు యాకూబ్ అన్న ఇచ్చిన డబ్బుతో అడిగినంతా కట్టి, వివరాలు నింపుతున్నాను. బయట ర్యాలీ పోతోంది. బండ్ల నంబరు ప్లేట్ల మీద అప్పటికే మేమందరం రాష్ట్రం పేరు మార్చేసుకున్నాం. నాకూ ఊపు వచ్చింది. యజమాని చిరునామాలో ఆంధ్రప్రదేశ్ తీసేసి తెలంగాణ అని కొట్టాను. గుర్తింపు కార్డుతో చిరునామా కలవడం లేదని వాళ్లు ప్రకటన తీసేశారు. కట్టింది తిరిగి రాదన్నారు.

నిజం చెబితే యాకూబ్ అన్న తిట్టేవాడా? తిట్టేవాడు కాదు. తనూ ర్యాలీల్లో నడిచినవాడే, నవ్వి భుజం తట్టేవాడేమో. మరి ఎందుకు దాచాను? నా ఉబలాటానికి ఆయన వారాన్ని వాడుకున్నానని ఒప్పుకోవాల్సి వస్తుంది గనుక. ఇంతకంటే మంచి కారణం వెతికాను, దొరకలేదు.

సాయంత్రం మెడలో టేపుతో వచ్చాడు.

“ఎవలన్న అడిగిండ్రా తమ్మీ?”

“లేదన్నా. సైటోళ్లు మళ్ల పెంచిండ్రు. ఇంకింత కడితేనే మనది పెడ్తరట.”

“మళ్లనా? పోయినేడే పెంచిరి గద.” మెడలోని టేపు తీసి చేతికి చుట్టుకున్నాడు. “ఇగ నాతోని గాదు. ఇడిసిపెడ్త. రహీమకు ఏదో ఒకటి చెప్త తీ.”

వాళ్లు ఏటా పెంచేవారు కాబట్టి నా అబద్ధం అతికినట్టు సరిపోయింది. కిరాయి రాలేదు, నిర్వహణ ఖర్చు కట్టలేకపోయాడు, గది పోయింది. ఆయన తలుపు దాటకముందే నేను వెనక్కి పిలవాల్సింది. నా జేబులోంచి కట్టి మళ్లీ పెట్టాల్సింది. పెట్టినా ఎవరూ వచ్చేవారు కాదేమో అని కూడా అనుకుంటాను. చూశారా, మీ ముందు కూడా తప్పించుకోజూస్తున్నాను.

రాష్ట్రం వచ్చిన రోజు యాకూబ్ అన్న నా నోట్లో మిఠాయి పెట్టాడు. గోవా గది కోసం ఈ తమ్ముడు ఎంత తిప్పలు పడ్డాడో అని అందరి ముందూ చెప్పాడు. పక్కనే ఉన్న రహీమక్క నవ్వుతూ తలూపింది. నేను మిఠాయి నములుతూ నిలబడ్డాను.

ఇద్దరూ ఇప్పటికీ వెబ్‌సైట్ వాళ్లనే తిడతారు. వాళ్లకు చెప్పే ధైర్యం నాకింకా రాలేదు. మీకు చెబుతున్నాను. రహీమక్క సముద్రం చూడకుండా చేసింది నేను. ఈ మాట రాసి, లేచి, గదిలో అటూ ఇటూ తిరిగి, మళ్లీ వచ్చి చదువుకున్నాను. కొట్టేయలేదు.