ఐసు కట్టని పెట్టె

"అమ్మోరి సంబరం అవ్వగానే ఈ పెట్టెని టెక్కలి పట్టుకెళ్లి అమ్మీడమే. ఇంక నా ముందు దీని మాటెత్తకు."

"అమ్ము సూద్దాం అత్తా. నాను సీటీ పాడి కొనుక్కున్న పెట్టె. నువ్వెలగ అమ్మేత్తావు?"

"కరెంటు బిల్లు కట్టేది మీ మావ. పగలూ రేత్రీ మీటరు సక్రం గిర్రున తిరగతానే ఉంది. అంత తిరుగుడికి ఐసు కట్టిందేటి? గళాసుడు నీల్లు సల్లబడినాయేటి?"

"రేపు సంబరంలో పాల ఐసు, నిమ్మ ఐసు అమ్ముతానని ఊరందరికీ సెప్పుకున్నాను. ఇప్పుడు నేదంటే నా మొకం ఎక్కడెట్టుకోమంటావు?"

"ఆ పెట్టెలోనే ఎట్టుకో. ఎలాగూ సల్లగుండదు, జలుబు సెయ్యదు."

అరుగు మీద మంచంలో పడుకున్న మా ఆయన ఆ మాటకు పకపకా నవ్వాడు. కోడలు నవ్వలేదు. కళ్లు తుడుచుకుంటూ వెళ్లి ఫ్రిజ్ తలుపు తీసి, ఐసుగదిలోని ప్లాస్టిక్ సంచీని వేలితో నొక్కి చూసింది. నిన్న పోసిన పాలు అలాగే బుళుక్కుమన్నాయి.

ఇది రెండువేల సంవత్సరం దాటాక వచ్చిన తొలి ఏళ్ల నాటి మాట. ఉద్దానంలోని మా ఊళ్లో అప్పటికి ఫ్రిజ్ ఉన్న ఇళ్లు వేళ్ల మీద లెక్క. టెక్కలిలో ఉద్యోగం చేసే కుటుంబమొకటి బదిలీ మీద వెళ్లిపోతూ వాళ్ల ఫ్రిజ్ అమ్మకానికి పెడితే కోడలు కొంది. నేను వద్దన్నాను. కుండలో నీళ్లకేం వచ్చిందన్నాను. నా మాట ఎవరూ వినలేదు. మార్గశిర మాసంలో లక్ష్మివారం నాడు కొబ్బరికాయల ట్రాక్టరు మీద అది ఊరేగుతూ వచ్చింది. లక్ష్మీదేవే నడిచొచ్చిందని కోడలు ఎదురెళ్లి హారతిచ్చి లోపలికి తెచ్చుకుంది.

వేసవి వచ్చేసరికి కోడలికొక ఆలోచన పుట్టింది. చిన్న ప్లాస్టిక్ సంచుల్లో తీపి పాలు పోసి గడ్డకట్టించి అమ్మడం మొదలుపెట్టింది. జీడితోటల్లో పిక్కలేరి వచ్చే ఆడవాళ్లు మా వాకిట్లో ఆగి కొనుక్కునేవారు. ఆ చిల్లర కొంగున ముడేసుకున్నప్పుడు కోడలి నడకే మారిపోయేది. పైకి ఏమీ అనకపోయినా నాకూ ముచ్చటగానే ఉండేది. సొంత సంపాదన రుచి నాకు తెలియనిది కాదు. కానీ వారం రోజులుగా పాలు గడ్డకట్టడం మానేశాయి. మీటరు చక్రం మాత్రం ఆగడం మానేసింది. నేను చదివింది మూడో తరగతి వరకే అయినా, చక్రం తిరుగుతోందో ఆగిందో చెప్పడానికి చదువు అక్కర్లేదు. ఇంట్లో దీపాలూ ఫ్యానూ కట్టేసి చూసినా అది తిరుగుతూనే ఉంది. ఆ పెట్టె ఒక్కటే రాత్రనక పగలనక కరెంటు తింటోంది.

మేమిద్దరం ఇలా ఉండగానే మా అబ్బాయి కాశీబుగ్గ నుంచి వచ్చాడు. వాడు అక్కడ జీడిపప్పు కార్ఖానాలో పని చేసేవాడు. పనికెళ్లినప్పుడు అక్కణ్ణుంచి ఫ్రిజ్ మెకానిక్కుతో ఫోన్లో మాట్లాడి రమ్మని పెళ్లామే చెప్పి పంపింది.

"గ్యాసు పోయుంటాదట. సంబరాలయినంత వరకూ ఆడికి కాళీ నేదట. కూల్‌డ్రింకుల కొట్లోల్లందరూ ఆడినే పిలుత్తన్నారు."

కోడలు నేల మీద చతికిలపడిపోయింది. నేను మాత్రం వాణ్ణి అడిగాను.

"పెట్టె సూసినాడేటి ఆడు?"

"ఫోన్లో ఎలగ సూత్తాడమ్మా?"

"అయితే ఆ గ్యాసు మాట పక్కనెట్టు. ముందు మనం సూద్దాం. పిల్లా, లే. ఏడుపు తరవాత ఏడుద్దువుగాని."

"నీకేటి తెలుసమ్మా దీనిగురించి?" అన్నాడు వాడు.

నాకు తెలిసింది మా నాన్న దగ్గర తెలిసిందే. మా నాన్న నౌపడ వైపు ఒక ఐసు కార్ఖానాలో పని చేసేవాడు. ఆయనకు అన్నం క్యారేజీ మోయడానికే నా బడి ఆగిపోయింది. రేవు నుంచి చేపల గంపలు వచ్చేసరికి ఐసు తయారుగా ఉండాలి. ఐసు లేకపోతే చేప ఉండదు. మిషను మొరాయించిందంటే కుర్ర పనివాళ్లు ముందు పానా అందుకునేవారు. మా నాన్న వాళ్లను ఆపి, వట్టి చేతులతో మిషను చుట్టూ తిరిగేవాడు. ఇక్కడ చెయ్యి వేసేవాడు, అక్కడ చెవి పెట్టేవాడు. అన్నం చల్లారిపోతోందని నేను గొణిగితే, "సేతిలో పానా ఉంటే కన్ను పని సెయ్యదే అమ్మా" అనేవాడు.

ఆయన నాకు చెప్పిన పాఠం ఒక్కటే. మిషను చల్లదనాన్ని పుట్టించదు. లోపలి వేడిని మోసుకెళ్లి బయట పారబోస్తుంది, అంతే. కాబట్టి అది మొరాయిస్తే చూడాల్సినవి మూడు. మోసే బలం దానికి అందుతోందా? మోసుకొచ్చిన వేడి బయట పడుతోందా? పడిన వేడి మళ్లీ ఏ సందులోంచైనా లోపలికి దూరుతోందా? ఇవి చూశాకే పానా ముట్టుకోవాలి. బడిలో నేర్చిన ఎక్కాలు సగం మరిచాను గానీ ఇది మరవలేదు.

కరెంటు సంగతి చూశాం. తలుపు తీస్తే లోపలి బల్బు తెల్లగా, నిండుగా వెలుగుతోంది. మోటారు మూలుగుతోంది. బలానికి లోటు లేదు.

ఫ్రిజ్‌ను గోడ దగ్గర్నుంచి ముందుకు జరపమన్నాను. వెనక నల్లటి తీగల జాలీ నిండా కొబ్బరిపీచు దుమ్ము దట్టంగా పట్టి ఉంది. మా ఇళ్లలో ఆ పీచు పట్టని వస్తువుండదు, తల వెంట్రుకలతో సహా. దుమ్ము కింద తీగల మీద అరచెయ్యి ఆన్చి చూశాను. వేడిగా తగిలింది.

"ఇలా రా. సెయ్యెట్టి సూడు," అన్నాను మా అబ్బాయితో.

"కాల్తందమ్మా."

"గ్యాసు పోతే ఈ వేడి ఎక్కడినుంచొచ్చిందిరా? మోసేవోడు మోత్తానే ఉన్నాడు. ఆడి తప్పేటీ నేదు."

కోడలి ముఖంలో ఒక్కసారిగా కళ వచ్చింది. నేను చెప్పకుండానే చీపురు తెచ్చి జాలీ అంతా దులిపేసింది. అరుగు మీదికి దుమ్మెగిరి మా ఆయన తుమ్ములందుకున్నాడు. "నాను బతికుండగానే బూడిద జల్లీత్తన్నారేటే?" అని కేకలేశాడు.

ఇక మిగిలింది మూడోది. ఐసుగదిలోకి తొంగి చూస్తే పాలు గడ్డకట్టలేదు గానీ, గోడల నిండా దూది పరిచినట్టు తెల్లటి మంచు పేరుకుని ఉంది. ఎండిన బూరుగు కాయ పగిలినట్టుంది. అంత మందాన మంచు కప్పేసిన గోడల్లోంచి పాలకు చల్లదనం ఎలా తగులుతుంది? ఆ మంచు ఎవరో పోసిన నీళ్లతో కట్టింది కాదు. మా సముద్రపు గాలిలోని చెమ్మతో కట్టింది. అంటే బయటి గాలి ఎక్కణ్ణుంచో దూరుతోంది.

"తలుపు మూసేత్తన్నావా సరిగ్గా?" అన్నాను.

"మూసే ఉంటాది అత్తా. నీ ఒట్టు."

"నా మీద ఒట్లెయ్యకు. ఇంకా కొన్నాల్లు ఉంటాను."

పాత పేపరు ముక్క ఒకటి చింపి, తలుపుకూ పెట్టెకూ మధ్య పెట్టి మూసి, లాగమన్నాను. పై అంచున పేపరు రాలేదు, చిరిగింది. రెండు పక్కలా బిగువుగానే వచ్చింది. కింది అంచున పెట్టి లాగితే వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు జారి వచ్చేసింది. కోడలు నమ్మలేక మళ్లీ పెట్టి లాగింది. మళ్లీ జారింది.

ముగ్గురం గచ్చు మీద కూర్చుని కింది అంచులోకి చూశాం. తలుపు రబ్బరు వచ్చి ఆనే చోట, పెట్టె కింది పెదవి మీద, ఈ కొస నుంచి ఆ కొస దాకా పచ్చగా పెచ్చు కట్టి ఉంది. గోటితో గీరితే పొరలు పొరలుగా ఊడింది. పసుపు. మధ్య మధ్య ఎర్రగా కుంకుమ బొట్లు కూడా ఉన్నాయి. మార్గశిరం నుంచి వైశాఖం దాకా, వారం వారం ఒక పొర. ఆ పెచ్చు మీద రబ్బరు ఆనలేక పైకి లేచి, కింద చీమ దూరేంత సందు నోరు తెరిచింది.

మా అబ్బాయి పెళ్లాం వైపు చూశాడు. పెళ్లాం నా వైపు చూసింది.

"నువ్వే కదత్తా సెప్పినావు! లచ్చివారం నాడు గడప బోసిగా ఉంటే లచ్చిందేవి వెనక్కి పోతాదని. ఇంటి గడపకి రాత్తన్నాను, దేవుడిగది గడపకి రాత్తన్నాను. మరి దీని గడప ఇదే కదేటి?"

"ఇంటి గడపకి రాయమన్నాను. ఐసుకి గడపేటే?"

"లోపలికి, బయటికి మజ్జిన ఉన్నది గడప కాదేటి? వడ్ల గాది మూతికి నువ్వు రాయవేటి?"

ఆ మాట నిజమే. గాదె మూతికి నేను రాస్తాను. మా అత్త రాసింది, ఆమె అత్త రాసింది. కానీ గాదెకు రబ్బరు ఉండదు.

"బొట్టు నుదుటికెడతావా, పెదాలకెడతావా?" అన్నాను. "దీని నుదురు అదిగో, పైన తలుపు మీద ఉంది. అక్కడెట్టు, ఎవులొద్దన్నారు? పెదాలకి పసుపు మెత్తితే నోరెలగ మూసుకుంటాది?"

మా ఆయన అరుగు మీద నుంచే, "మీ అత్తకి ఏ పసుపు మెత్తినా నోరు మూసుకోదు కోడలా, నాను సూసినాను," అన్నాడు. కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ భుజాలు కదులుతూనే ఉన్నాయి. చివరికి నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఇద్దరినీ తిట్టాను.

కరెంటు తీసేసి తలుపు బార్లా తెరిచాం. మా అబ్బాయి ఆత్రగాడు. మంచు కొట్టేస్తానని కొబ్బరికాయలు కొట్టే కత్తి పట్టుకొచ్చాడు. వాడి చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఆ రేకు లోపలే గ్యాసు పారతాది. కత్తి తగిలి సిల్లడ్డాదంటే అప్పుడు నిజంగానే పోతాది. మెకానిక్కు మాట నిజం సేసీడానికి తెచ్చినావేటి?"

వాడు కత్తి పట్టుకుని కొబ్బరి చెట్ల దగ్గరికి పోయాడు. మంచు దానంతటదే కరిగింది. కరిగిన నీళ్లు పళ్లెంలో పట్టి బంతి మొక్కలకు పోశాను, పారబొయ్యడం నాకు చేతకాదు. కోడలు గోరువెచ్చని సబ్బునీళ్లలో గుడ్డ ముంచి ఆ అంచును తోమింది. మొదటి నీళ్లు చిక్కటి పసుపుగా వచ్చాయి, తర్వాత లేత పసుపుగా, చివరికి తేటగా. బిరుసెక్కిన రబ్బరును వేడినీళ్ల గుడ్డతో కాపడం పెట్టి, వేళ్లతో సవరించి మెత్తన చేసింది. అంత ఒద్దికగా అది నా కాళ్లకు కూడా ఎప్పుడూ కాపడం పెట్టలేదు. ఆ మాటే అన్నాను. "నీ కాల్లు ఐసు అమ్మవు కదత్తా," అంది.

పొడిగుడ్డతో తుడిచి, పేపరు ముక్క మళ్లీ పెట్టి లాగాం. కింద కూడా పట్టుకుంది. లాగితే చిరిగింది. కోడలు చప్పట్లు కొట్టింది.

సాయంత్రానికి పాలు కాచి చల్లార్చి సంచుల్లో పోసి, నిమ్మరసం సంచులు వేరే కట్టి, ఐసుగదిలో పేర్చి తలుపు మూసి, మళ్లీ కరెంటు పెట్టింది. ఫ్రిజ్‌ను గోడకు ఆనించకుండా జానెడు ఎడంగా జరిపించాను. అక్కడితో పని అయిపోయిందని అనుకున్నాను గానీ అసలు పని అప్పుడు మొదలైంది. కోడలు ప్రతి అరక్షణానికీ తలుపు తీసి వేలు పెట్టి చూడబోతుంది. నేను చెయ్యి మీద కొడతాను. ఇది అటు పోగానే దీని మొగుడు వస్తాడు. వాడు పోగానే మా ఆయన, చల్లటి నీళ్లు కావాలంటూ. పొదిగే కోడి కింద గుడ్లు తీసి చూసే జాతి! చివరికి కొబ్బరితాడు తెచ్చి ఫ్రిజ్ నడుముకు రెండు చుట్లు చుట్టి ముడేశాను. పక్కింటావిడ అది చూసి, దొంగను పట్టుకున్నారా అని అడిగింది.

పడుకోబోయే ముందు మీటరు దగ్గరికి వెళ్లాను. చూస్తుండగానే చక్రం నెమ్మదించి, ఆగి నిలబడింది. మోటారు మూలుగు లేదు. కోడల్ని కేకేసి చూపించాను. ఇద్దరం ఆగిన చక్రాన్ని సినిమా చూసినట్టు చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి అది మళ్లీ తిరగడం మొదలుపెట్టింది. పని చేసి, ఒళ్లు వాల్చి, మళ్లీ లేచే మనిషిలా.

మర్నాడు పొద్దున్నే డప్పులు మొదలయ్యాయి. కోడలు స్నానం చేసి వచ్చి తాడు విప్పి తలుపు తీసింది. పాల సంచులు రాయిలా గట్టిపడి ఒకదానికొకటి అంటుకుపోయాయి. బావి నీళ్లు చిలకరించి విడదీసింది. ఒకటి నా చేతిలో పెట్టింది. కొరికితే పన్ను జివ్వుమంది. పంచదార కొంచెం ఎక్కువైందని చెప్పాను. ఘటాలు ఎత్తుకుని ఎండలో అమ్మవారి దగ్గరికి వెళ్లిన ఆడవాళ్లు తిరిగి వస్తూ మా వాకిట్లో ఆగారు. ఎండ నడినెత్తికి ఎక్కకముందే పాల ఐసు అయిపోయింది. నిమ్మ ఐసు ఇంకా కొంచెం మిగిలింది. కోడలు వాకిట్లో అమ్ముతుంటే, నేను లోపలికెళ్లి మళ్లీ పాలు పొయ్యి మీద పెట్టాను.