వ్యసనం రాసిన పెద్దమామయ్య

మా పెద్దమామయ్య బోర్డులు రాస్తాడు. అర్థం తెలియని మాట రాయడు, అదీ ఆయన తిక్క. ఒకసారి మందుల షాపు బోర్డు సగంలో ఆపేసి, ఔషధం అంటే అసలేంటో చెప్పమని యజమానిని నిలదీశాడట. అలాంటి మనిషిని, నా బుద్ధి గడ్డి తిని, నేను చీటీలు రాసే ఆసుపత్రికి పిలిపించాను. గుమ్మం మీద ‘వ్యసన విముక్తి కేంద్రం’ అని రాయాలి. ‘వ్య’ రాసి కుంచె ఆపేశాడు.

“డాక్టరమ్మా, ఈ మాట ఎక్కణ్ణుంచి వచ్చింది?”

నేను నెత్తి కొట్టుకున్నాను. ఆవిడ మాత్రం సరదాపడి బయటికొచ్చింది.

“సంస్కృతం నుంచి. విసిరేయడం అనే అర్థమున్న ధాతువులోంచి పుట్టింది. ఆపద, దుఃఖం అన్నా ఇదే మాట, మానలేని అలవాటన్నా ఇదే. వెనకటి తెలుగులో వ్యసనపడకు అంటే బాధపడకు అనే.”

“అవునండీ, మా అమ్మమ్మ అనేది.” నిచ్చెన మీద మామయ్య మొహం వెలిగిపోయింది. “అయితే వ్యసనపరుడంటే ఎవరో విసిరేస్తే దూరంగా పడ్డవాడన్నమాట.”

అంటూనే రోడ్డు అవతలికి చూశాడు. చెప్పుల షాపు ముందు చిన్నమామయ్య నిలబడి ఉన్నాడు. ఆయన తాగుడు మా ఇంట్లో అందరికీ తెలిసిందే. ఈ మధ్య రోజూ అక్కడిదాకా వస్తాడు, నలుగురూ చూస్తారని గుమ్మం తొక్కడు. నేను పిలిస్తే తల తిప్పుకుని పోతాడు. ఇంట్లో చిన్నత్తయ్య పుట్టింటికి పెట్టె సర్దేసుకుంది.

ఇన్నేళ్లూ తమ్ముణ్ణి తిట్టడమే తప్ప మంచిగా పలకరించి ఎరగని పెద్దమామయ్య గొంతు చించుకుని పిలిచాడు.

“ఒరేయ్, నిచ్చెన ఊగుతోంది. వచ్చి పట్టుకో.”

నిచ్చెన రాయిలా నిలబడి ఉంది. చిన్నమామయ్య అటూ ఇటూ చూసి, రోడ్డు దాటి వచ్చి పట్టుకున్నాడు. పెద్దమామయ్య తాపీగా అక్షరాలన్నీ పూర్తిచేసి, నీడలు దిద్ది దిగాడు.

“డాక్టరమ్మ గదిలో ఇంకో బోర్డుంది. నిచ్చెన లోపలికి మొయ్యరా, నాకు నడుం పట్టేసింది.”

నిచ్చెన భుజానేసుకున్నవాణ్ణి ఎవరనుమానిస్తారు? చిన్నమామయ్య దర్జాగా గుమ్మం దాటాడు. లోపల బోర్డూ లేదు, గీర్డూ లేదు. ఆ సంగతి చిన్నమామయ్యకి తెలియకపోలేదనే నా అనుమానం. నేను డాక్టరమ్మకి కళ్లతోనే చెప్పేశాను. ఆవిడ వెళ్లి ఆయనకి కుర్చీ చూపించి తలుపు మూసింది. ఎంతసేపైనా ఆ తలుపు తెరుచుకోలేదు. నాకైతే అక్కడే గెంతాలనిపించింది.

చెప్పుల షాపాయన వచ్చి, తన బోర్డు కూడా ఇవాళే రాసిపెట్టమన్నాడు.

“ఇవాళ కుదరదండీ,” అన్నాడు పెద్దమామయ్య. “నిచ్చెన మా తమ్ముడి దగ్గరుంది.”