తలకిందులుగా కుట్టిన కాజాలు

పూర్వీకులంటే రక్తం పంచినవారేనని లోకం అనుకుంటుంది. ముక్కు తీరు, నడక, కోపం రక్తంతో వస్తాయన్నది నిజమే కావచ్చు. అయితే చేతికి అలవాటు నేర్పి పోయినవారిని ఏ వరుసతో పిలవాలి? ఈ ప్రశ్న ఒక దర్జీకి కొన్నాళ్లపాటు అన్నం సహించనివ్వలేదు.

తండ్రి పోయిన దగ్గరనుంచి ఆమె చిన్నాన్న కొట్టులోనే కోట్లు కుడుతోంది. ఆ ఇంటివాళ్లది ఒక వింత పద్ధతి. కాజా కుట్టవలసి వచ్చేసరికి గుడ్డను తలకిందులు చేసుకుంటారు. దాంతో కుట్టు మిగతా దర్జీలు కుట్టేదానికి ఎదురుదిక్కుగా నడుస్తుంది.

"మీవాళ్లు శీర్షాసనం వేసి నేర్చుకున్నారేంటమ్మా?" అని ఎదురుకొట్టు ఇస్త్రీ ఆయన ఆటపట్టిస్తుంటాడు.

ఓడెక్కి ఈ దేశం వచ్చిన ముత్తాత చేతివాటం అదేనని చిన్నాన్న గొప్పగా చెప్పుకొనేవాడు. ఆదివారంనాడు కొట్టు ముందు ఆయన పేర రాతిపలక నిలపాలనీ, ఆయన స్వయంగా కుట్టుకున్న కోటును అద్దాల పెట్టెలో ఉంచాలనీ నిశ్చయించాడు. ట్రంకుపెట్టెలో మూలుగుతున్న ఆ కోటును బాగుచేసే పని ఆమె మీద పడింది.

బల్లమీద పరిచి కాజా మీద వేలు పెట్టగానే ఆమె కోటును వెలుతురులోకి లాక్కుంది. కుట్టు అందరు దర్జీలూ కుట్టే దిక్కుకే సాగింది. ఇది ముత్తాత చేయి అయితే, తమ చేయి ఎవరిది?

చిన్నాన్న ఇంట్లోనే ఉండే మేనత్తను వంటింట్లో పట్టుకుని అడిగింది.

"మా తాతకి కుట్టడం వచ్చుగానీ నేర్పే ఓపిక ఎక్కడిదే? మా నాన్నకి సూది పట్టించింది ఎడంచేతమ్మ" అంది మేనత్త.

"ఎవరత్తా ఆవిడ?"

"వాళ్లతోపాటే ఓడెక్కింది. దారిలో మొగుడు పోయాడు. మా నాయనమ్మే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి వెనకగదిలో పెట్టుకుంది. ఎడమచేత్తో కుట్టేది. పిల్లలదేమో కుడిచెయ్యి. ఆవిడ కుట్టు ఎటు నడిస్తే అటే నడవాలని గుడ్డ తిప్పేసుకునేవాళ్లు."

"ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"అడిగితేగా! ఇదిగో, మీ చిన్నాన్న దగ్గర నా పేరెత్తకు. నేను వాడి ఇంట్లో ఉండాలి."

ఆమె మేనత్త పేరెత్తలేదు. కోటునే చిన్నాన్న ముందు పెట్టి, ఎడంచేతమ్మ పేరు కూడా పలకమీద చెక్కించమంది.

"పరాయి ఆడదాన్ని ఎక్కిస్తే, ఆవిడ మీ ముత్తాతకి ఏమవుతుందని అడగరూ? ఇంటి పరువంతా కాజాల్లోంచి కారిపోవాలా?"

"గురువని చెబుదాం చిన్నాన్నా."

"ఇంకొక్క మాటన్నావంటే నీ మిషను నువ్వు పట్టుకుపో!"

ఆ తరవాత మెట్లమీద ఆయన చెప్పుల చప్పుడు వినబడితే చాలు, ఆమె సూది తప్పేది. కొట్టు పోతే కూడు పోతుంది. కూడుకన్నా ముందు మనుషులు పోతారు. మౌనంగా ఉంటే అడిగేవాడు లేడు. ఆ అడిగేవాడు లేకపోవడమే ఆమెను భయపెట్టింది. ఒక మనిషి రెండోసారి చనిపోవడానికి అంతకన్నా ఏమీ అక్కరలేదు.

ఆదివారం బంధువులంతా చేరారు. పలక మీది తెర తీయగానే చిన్నాన్న ముత్తాత చేతిపనిని పొగడటం మొదలుపెట్టాడు. ఆమెది ధైర్యమని తొందరపడి అనలేం. అయినా, ఈ ఇంటికి కాజా నేర్పింది ఆయన కాదనీ, అదే ఓడలో వచ్చిన ఎడంచేతమ్మ అనీ చెప్పింది. "నీకెవరు చెప్పారే?" అని చిన్నాన్న గద్దించాడు. కోటు చెప్పిందని మాత్రం అని ఊరుకుంది. మేనత్త తల వంచుకుంది.

మర్నాడు ఆమె మిషనును తన అద్దెగదికి చేర్చుకుంది. తలుపుపక్కన చిన్న చెక్కమీద ఎడంచేతమ్మ కుట్టుపని అని రాయించింది.